ఉప్పుగాలి ఊళ్లో పాత అంబాసిడర్: తడి స్ప్రే, సిలికోన్ గ్రీజు, ఒక రబ్బరు తొడుగు

మా నాన్నగారు 1986లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంటి ముందు రేకుల షెడ్డులో ఉంది. వారానికి మూడు నాలుగు సార్లు రోడ్డెక్కుతోంది కూడా. ఇల్లు విశాఖపట్నంలో లాసన్స్ బే కాలనీ వైపు, రాత్రిపూట సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉండడం మనుషులకు ఎంత హాయో ఆ బండికి అంత శిక్ష. అక్టోబరు, నవంబరు నెలల్లో ముసురు పట్టిన రోజుల్లో తెల్లవారి ఆరింటికి సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గాని అందుకోదు. మరో నాలుగు సార్లు కొడితే ఒకటి రెండు సిలిండర్లు దగ్గినట్టు చప్పుడు చేసి ఊరుకుంటాయి, ఆపైన బ్యాటరీ నీరసిస్తుంది. అదే బండి పదింటికి కాస్త ఎండ తగిలాక ఏమీ ఎరగనట్టు ఒక్క దెబ్బకు స్టార్టవుతుంది. ఈ జబ్బుకు మందులుగా బజారులో దొరికే సరుకుల్లో తడిని తోసే స్ప్రేను, సిలికోన్ గ్రీజును, ఇగ్నిషన్ వైర్లకు పూసే లక్కలాంటి పూతను గత రెండు వానాకాలాలుగా వాడి చూశాను. వీటికి తోడు, ఏ స్పేరుపార్టుల దుకాణంలోనూ దొరకని నాలుగో వస్తువు ఒకటి ఉంది. దాని సంగతి తరువాత చెబుతాను.

జబ్బు ఏమిటో చెప్పకుండా మందును మెచ్చుకోవడం కుదరదు కాబట్టి ముందు అది. ఈ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ డ్రైవరు వైపున, అంటే కుడి పక్కన ఉంటాయి; కార్బురేటరు, సైలెన్సర్ మానిఫోల్డు ఎడమ పక్కన ఉంటాయి. ఇగ్నిషన్ కాయిల్ పుట్టించే వేల వోల్టుల కరెంటు మధ్య వైరు గుండా డిస్ట్రిబ్యూటర్ క్యాపులోకి దిగి, లోపల తిరిగే రోటర్ ద్వారా 1-3-4-2 వరుసలో నాలుగు ప్లగ్గులకు చేరాలి. ప్లగ్గు మొన దగ్గర ఉన్న 25 థౌల సందును, అంటే అర మిల్లీమీటరుకు కొంచెం పైబడిన ఖాళీని, కుదించిన గాలి-పెట్రోలు మిశ్రమంలో దూకడం ఆ కరెంటుకు కష్టమైన పని. క్యాపు గోడ మీద చెమ్మ పొర ఉంటే దానికి అంతకంటే సులువైన దారి దొరుకుతుంది, ఆ దారినే పోతుంది. పైగా సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజి పడిపోయి కాయిల్‌కు అందే కరెంటు తగ్గుతుంది కనుక, నిప్పురవ్వ అతి బలహీనంగా ఉండే సమయమూ, చెమ్మ అతి ఎక్కువగా ఉండే సమయమూ ఒకటే అవుతాయి. బండి ఒకసారి అందుకుని వేడెక్కితే మళ్లీ సాయంత్రం దాకా ఫిర్యాదు లేకపోవడానికి కారణం ఇదే.

అయితే నాకు చాలా ఆలస్యంగా తెలిసిన సంగతి ఒకటి ఉంది. శుద్ధమైన నీరు కరెంటును దాదాపు పోనివ్వదు. నీటిలో కరిగిన ఉప్పు, మసి, దుమ్ము పోనిస్తాయి. మామూలు ఉప్పు, గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే తనంతట తానే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. వంటింట్లో ఉప్పు జాడీ వానాకాలంలో నీరు కారడం చూసినవారికి ఇది కొత్త కాదు. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం లవణాలు అంతకంటే తక్కువ తేమకే చెమర్చుతాయి. అంటే మా ఊళ్లో బండి మీద వాన చుక్క పడకపోయినా, షెడ్డులో ఉన్నా, క్యాపు మీద పేరుకున్న ఉప్పు పొర రాత్రికి రాత్రి తడిసి తీగలా పనిచేస్తుంది. హైదరాబాదులో ఇదే వయసు అంబాసిడర్ నడిపే మా బావగారికి ఈ బాధ భారీ వానల్లో తప్ప లేకపోవడం, నాకు మాత్రం ఏడాదిలో సగం రోజులు ఉండడం ఎందుకో అప్పుడు అర్థమైంది. ఈ సమీక్షలో నేను ఇచ్చే మార్కులన్నీ ఉప్పుగాలి ఊరి మార్కులని పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఒక నవంబరు ఉదయం స్టార్టవని బండి బానెట్ ఎత్తి, డిస్ట్రిబ్యూటర్ క్యాపుకు రెండు పక్కలా ఉండే స్ప్రింగు క్లిప్పులు తీసి చూశాను. వేడి అన్నం గిన్నె మీద మూతకు లోపలివైపు ఎలా నీటి బొట్లు పడతాయో అలా క్యాపు లోపల సన్నని బొట్లు ఉన్నాయి. వాటిని గుడ్డతో తుడిచాక, రెండు ఇత్తడి మొనల మధ్య వెంట్రుకంత సన్నగా, కొమ్మలు కొమ్మలుగా చీలిన గోధుమ రంగు గీత ఒకటి బయటపడింది. గోటితో గీకితే పోలేదు. తడి దారిన కరెంటు కారినప్పుడల్లా, క్యాపును చేసిన బేకలైటు అనే గట్టి ప్లాస్టిక్ మాడి బొగ్గుగా మారి ఏర్పడే గీత అది. బొగ్గు కరెంటును మోస్తుంది కాబట్టి, ఆ తరువాత క్యాపు ఎండినా ఆ దారి మూసుకోదు. మెకానిక్కులు దీన్ని క్యాపు కాలడం అంటారు. కాలిన క్యాపుకు ఏ స్ప్రే, ఏ గ్రీజు పనికిరావు. మార్చడం ఒక్కటే మార్గం. ఇది తెలియక నేను మొదటి ఏడాది సగం డబ్బా స్ప్రేను చచ్చిన క్యాపు మీద ధారపోశాను.

ఇక స్ప్రే గురించి. నేను వాడినది అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40. ఆ పేరులోని రెండు అక్షరాలకు నీటిని తొలగించేదని అర్థం. అమెరికాలోని శాన్ డియాగోలో రాకెట్ కెమికల్ కంపెనీ 1953లో చేసిన ప్రయత్నాల్లో నలభయ్యోది ఫలించడంతో ఆ సంఖ్య అతుక్కుంది. అట్లాస్ క్షిపణి పైతొడుగుకు తుప్పు పట్టకుండా కాపాడడం దాని మొదటి ఉద్యోగం. మన ఊళ్లలో తలుపు బందులు కిర్రుమన్నా, తాళం బిగుసుకున్నా దాన్నే కొడుతున్నారు గాని, తడిసిన ఇగ్నిషన్ మీద కొట్టడమే దాని పుట్టుకకు దగ్గరి పని. చెమ్మగా ఉన్న క్యాపు మీద, ప్లగ్ వైర్ల మీద, కాయిల్ మెడ దగ్గర పలచగా కొడితే ద్రవం నీటి కిందికి పాకి నీటిని బొట్లుగా ఎత్తి జార్చేయడం కంటికి కనిపిస్తుంది. గుడ్డతో ఒకసారి అద్ది, ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే పదిసార్లలో తొమ్మిది సార్లు మా బండి అందుకుంది. ప్రథమ చికిత్సగా దీనికి పూర్తి మార్కులు వేస్తాను.

ఆ ఐదు నిమిషాల ఆగడం మాత్రం దయచేసి మరచిపోకండి. ఈ ద్రవంలో ఎక్కువ భాగం మండే స్వభావమున్న పెట్రోలియం ద్రావకం. క్యాపు లోపల ఆవిరి నిండి ఉండగా రోటర్ దగ్గర నిప్పురవ్వ పుడితే క్యాపు ఎగిరిపడే ప్రమాదం ఉంది. బండి తాళంచెవి తీసేసి, ఇంజిన్ చల్లారి ఉన్నప్పుడే కొట్టాలి. అంబాసిడర్‌లో వేడి మానిఫోల్డు అవతలి పక్కన ఉండడం మన అదృష్టమే గాని, అన్ని పాత బండ్లలో ఆ సదుపాయం ఉండదు.

రెండో హెచ్చరిక నా సొంత తెలివితక్కువతనం నుంచి పుట్టింది. పైన కొడితే ఇంత మేలు జరిగినప్పుడు లోపల కూడా కొడితే ఇంకా మేలు కదా అని, ఒక ఉదయం క్యాపు తీసి రోటర్ కింద ఉండి కాయిల్ కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే పాయింట్ సెట్ మీద కూడా కొట్టాను. బండి స్టార్టయింది, నాలుగు రోజుల తరువాత పెందుర్తి వెళ్లే దారిలో మిస్ కొట్టడం మొదలుపెట్టి, ఇంటికి తిరిగి వచ్చేసరికి తడబడుతూ నడిచింది. కాంటాక్టు పాయింట్ల మధ్య నూనె పొర ప్రతి రవ్వకూ కాస్త కాస్త మాడి నల్లని చిట్టు కట్టింది. తప్పు స్ప్రేది కాదు, నాది. పాయింట్లను సన్నని ఎమరీ కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఫీలర్ గేజ్ పెట్టి సందును మళ్లీ 15 థౌలకు సరిచేసుకోవలసి వచ్చింది. క్యాపు లోపలి గోడ తడిగా ఉంటే, క్యాపును విడిగా బయట పట్టుకుని కొట్టి, పొడిగా తుడిచి, అప్పుడు బిగించాలి.

స్ప్రేను ప్రథమ చికిత్స అన్నాను గాని రక్షణ అనలేదు. ద్రావకం ఆవిరైపోయాక మిగిలేది పలచని నూనె పొర. మా ఉప్పుగాలిలో అది వారం పది రోజులకు మించి నిలవలేదు, పైగా దారి దుమ్మును అంటించుకుంది. ఇది ఆ డబ్బా లోపం కాదు, అంత పలచని పొర స్వభావమే అంత. ఎందరో దీన్ని నెలకోసారి కొట్టి నిశ్చింతగా ఉండాలనుకుంటారు. అలా కొట్టడం వల్ల కింద ఉన్న ఉప్పు కడుక్కుపోదు. నూనె పొర కింద అలాగే దాక్కుని, పొర పోగానే మళ్లీ నీరు పీలుస్తుంది.

అందుకే ఇప్పుడు వానాకాలానికి ముందు నేను చేసే మొదటి పని కడగడం. వైర్లకు ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలు రాసిన తెల్ల టేపు చుట్టి, క్యాపు ఊడదీసి, సబ్బు నీళ్లలో పాత పళ్ల బ్రష్షుతో లోపలా బయటా రుద్ది, చివరగా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తొలుస్తాను. కుళాయి నీటితో తొలిస్తే ఆ నీటిలోని లవణాలు మళ్లీ దాని మీదే ఎండుతాయి. ఒక పూటంతా నీడలో గాలికి ఆరబెట్టి, నడుమ ఉన్న చిన్న కార్బన్ బ్రష్షు స్ప్రింగుతో సహా కదులుతోందో లేదో వేలితో నొక్కి చూసి బిగిస్తాను. ప్లగ్గుల తెల్ల పింగాణీ మెడలను, కాయిల్ నోటిని కూడా స్పిరిట్ గుడ్డతో తుడుస్తాను. ఈ పనికి అయ్యే ఖర్చు దాదాపు సున్నా. నిజం చెప్పాలంటే, ఈ మొత్తం సమీక్షలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది ఏ దుకాణంలోనూ కొనని ఈ కడుగుడే.

శుభ్రమైన క్యాపు మీద మాత్రమే మూడో మాటగా సిలికోన్ గ్రీజు వస్తుంది. కరెంటును పోనివ్వని గ్రీజుగా, చిన్న ట్యూబులో తెల్లగా, వెన్నలా ఉండే ఈ సరుకును ఆటోనగర్‌లో అడిగితే ముగ్గురిలో ఇద్దరు మామూలు బేరింగు గ్రీజు చూపించారు, అది వద్దు. పెట్రోలియం గ్రీజు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, సిలికోన్ గ్రీజు ప్లగ్ క్యాపుల మామూలు రబ్బరుకు అలా హాని చేయదు, ఇంజిన్ వేడికి కరిగి కారిపోదు. ట్యూబు ఖరీదు ఇద్దరు హోటల్లో భోంచేసినంత అవుతుంది. నాలుగు ప్లగ్ క్యాపులకూ, డిస్ట్రిబ్యూటర్ క్యాపు మీది ఐదు వైరు గుంతల అంచులకూ, కాయిల్ నోటికీ కలిపి వాడినా, నా ట్యూబులో మూడు వంతులు ఇంకా మిగిలే ఉంది.

పూసే తీరు ముఖ్యం. చెవులు తుడుచుకునే దూది పుల్ల కొనమీద శనగగింజలో సగమంత తీసుకుని, రబ్బరు తొడుగు లోపలి అంచు చుట్టూ పలచని ఉంగరంలా పూయాలి. ప్లగ్గు మీదికి తొడుగును నొక్కినప్పుడు ఆ ఉంగరం పింగాణీకీ రబ్బరుకూ మధ్య సందును నింపేస్తుంది. నీరు పాకడానికి దారి ఉండదు. ఇత్తడి మొనలకు పులమకూడదు, పాయింట్ల దరిదాపులకు అసలే పోనివ్వకూడదు, ఎందుకంటే నిప్పురవ్వ వేడికి సిలికోన్ మాడితే గాజులాంటి కరెంటు పోని పొక్కు కడుతుంది. జూన్‌లో పూసిన గ్రీజును మళ్లీ ఫిబ్రవరిలో ప్లగ్గులు తీసినప్పుడు చూశాను: ఉంగరం చెక్కుచెదరలేదు, లోపలి పింగాణీ తెల్లగా, పొడిగా ఉంది. అదీగాక, ఏళ్ల తరబడి అంటుకుపోయి, లాగితే వైరు చేతిలోకి ఊడివచ్చే తొడుగు ఈసారి ఒక్క మెలితో సులువుగా వచ్చింది. నా దృష్టిలో కొనదగ్గ సరుకుల్లో ఇది మొదటిది.

లక్కలాంటి పూత గురించి ఎక్కువ రాయదలచుకోలేదు. స్ప్రే డబ్బాలో వచ్చి, వైర్ల మీద, క్యాపు మీద పారదర్శకమైన పెచ్చులా గట్టిపడే ఈ రకం సరుకును ఒక దుకాణదారు బలవంతం మీద కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. కొత్తలో నీరు బొట్లు కట్టి జారడం ముచ్చటగానే ఉంది. నాలుగు నెలలకు ఇంజిన్ వేడికి వైర్లు వంగే చోటల్లా పగుళ్లు వచ్చి, పగుళ్లలోకి చెమ్మ చేరి, బయటికి మాత్రం ఎండిపోయే వీలు లేక అక్కడే ఉండిపోయింది. మరుసటి ఏడు వైరు తీయాలంటే ఆ పెచ్చును కత్తితో గీకవలసి వచ్చింది. సరికొత్త, పరిశుభ్రమైన భాగాల మీద, ఎప్పుడూ విప్పనక్కరలేని బండిలో పనికొస్తుందేమో. నెలకోసారి క్యాపు ఊడదీసే మనలాంటివారికి కాదు.

ఈ సరుకులన్నీ వాడుతూ కూడా మొదటి ఏడాది పూర్తి ఫలితం రాకపోవడానికి మరో కారణం ఉంది. కాలిన క్యాపు స్థానంలో నేను కొన్న కొత్త క్యాపు నాసిరకం. కోల్‌కతా దగ్గరి ఉత్తరపారా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయాక, భాగాలు దొరకడం దొరుకుతున్నాయి గాని, పెట్టె మీద పేరు చూసి లోపలి సరుకును నమ్మే రోజులు పోయాయి. ఆ క్యాపు అంచు డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద సరిగా కూర్చోలేదు. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే ఒక పక్క కాగితం దూరేంత సందు. మూడు వారాల్లో అదీ కాలింది. ఇప్పుడు కొనేముందు దుకాణం గట్టు మీదే పాత క్యాపును పక్కన పెట్టి అంచులు, ఇత్తడి మొనలు, బరువు పోల్చి చూస్తున్నాను. దుకాణదారు విసుక్కున్నా ఫరవాలేదు.

భాగాలు బాగున్నాయో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. రాత్రి దీపాలన్నీ ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా, ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రేతో వైర్ల మీద సన్నగా తుంపర కొట్టండి. చేతులు, గొలుసులు, పైపంచెలు ఫ్యాను దరికి, వైర్ల దరికి పోనివ్వకండి. కారుతున్న చోట సన్నని నీలిరంగు పురుగులు పాకినట్టు మెరుపులు కనిపిస్తాయి, టిక్కుటిక్కుమని చప్పుడు కూడా వినిపిస్తుంది. మా బండిలో మూడో ప్లగ్గు వైరు మధ్యలో, బ్రాకెట్టుకు రాసుకున్న చోట అలా కనిపించింది. వైర్ల సెట్టు మొత్తం మార్చాను. ఏ స్ప్రే అయినా ఆ చిరుగును ఒక పూట దాచగలదు, అంతే.

చివరిగా ఆ నాలుగో వస్తువు. రోడ్ల మీద నీరు నిలిచినప్పుడు అంబాసిడర్‌కు అసలు శత్రువు దాని ఫ్యానే. రేడియేటరు గుండా వచ్చిన నీటిని చిలికి నేరుగా ఇంజిన్ మీదికి విసురుతుంది. మా నాన్నగారు రైల్వే వంతెన కింద నీరు చూస్తే బండి ఆపి, ఫ్యాను బెల్టు విప్పి, అవతలికి నడిపించి మళ్లీ బిగించేవారు. ఆ బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది కాబట్టి అది నాలుగు అడుగుల ఉపాయమే. నేను పూర్ణా మార్కెట్‌లో గిన్నెలు తోమేవారు వాడే మందపాటి రబ్బరు గ్లవ్స్ జత కొన్నాను. ఒకదాని ఐదు వేళ్ల కొసలూ కత్తిరిస్తే ఐదు రంధ్రాలు: నాలుగు ప్లగ్ వైర్లకు నాలుగు, కాయిల్ వైరుకు ఒకటి. దేవుడు మనిషికి ఐదు వేళ్లు ఇచ్చింది నాలుగు సిలిండర్ల ఇంజిన్ కోసమేనేమో అనిపించింది. వైర్లు వేళ్లలోంచి పైకి తీసి, అరచేతి భాగాన్ని క్యాపు మీదుగా గొడుగులా దించి, అడుగున వదులుగా వదిలేశాను. పాలిథిన్ కవరు చుట్టి రబ్బరుబ్యాండు బిగించే అలవాటు చాలామందికి ఉంది గాని, అలా బిగిస్తే లోపలి ఆవిరి బయటికి పోక రాత్రికి అక్కడే నీరవుతుంది. నిప్పురవ్వల వల్ల పుట్టే వాయువులు కూడా క్యాపు వదిలి పోవాలి. అడుగు తెరిచి ఉండడం అందుకే. వేడికి ఆ రబ్బరు ఏడాదిలో పెళుసెక్కుతుంది, అప్పుడు మరొకటి.

గత అక్టోబరులో మూడు రోజులు ఎడతెగక కురిసిన వానలో, కడిగిన క్యాపు, గ్రీజు పూసిన తొడుగులు, రబ్బరు గొడుగుతో మా బండి ప్రతి ఉదయం రెండో దెబ్బకు అందుకుంది. స్ప్రే డబ్బాను బయటికి తీయనే లేదు. ఆ వారమే ట్యూనింగుకు తీసుకువెళ్తే, ముప్పై ఏళ్లుగా ఈ బండిని ఎరిగిన మేస్త్రి బానెట్ ఎత్తి, ఐదు వేళ్లూ పైకి నిక్కి ఉన్న ఆ తొడుగును చూసి, "ఏటి బాబూ, ఆవు పొదుగు తలకిందులుగా పెట్టీసినారా?" అని పడిపడి నవ్వాడు. పని పూర్తయ్యాక, జతలో రెండోది ఇంట్లో ఉందా అని అడిగాడు. అది ఇప్పుడు ఆయన దగ్గరికి వచ్చే మరో అంబాసిడర్‌లో ఉంది.